రెండు కెమెరాలకు ఒకే పసుపు

ఒకే దృశ్యాన్ని రెండు డిజిటల్ కెమెరాలు తీసినా, ఒకే కెమెరా గంట తేడాతో రెండుసార్లు తీసినా రంగులు ఒకేలా రావు. ఒక ఫొటోలో నిమ్మపండు ఛాయలో ఉన్న పసుపు ఇంకో ఫొటోలో నారింజకు దగ్గరవుతుంది. ఒకదాంట్లో తెల్లగా ఉన్న పంచె మరోదాంట్లో నీలిమందు ఎక్కువైనట్టు కనిపిస్తుంది. విడివిడిగా చూస్తే రెండూ బాగానే ఉంటాయి. పక్కపక్కన పెట్టినప్పుడు, వీడియోలో ఒకదాని వెనక ఒకటి వచ్చినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ తేడా తీసేసి, రెండు చిత్రాలనూ ఒకే చోట ఒకే వేళ తీసినవాటిలా కుదర్చడాన్ని సినిమావాళ్లు షాట్ మ్యాచింగ్ అంటారు. పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లకూ, ఉపగ్రహ చిత్రాలతో పటాలు తయారుచేసేవాళ్లకూ, మానుతున్న గాయాన్ని వారం వారం ఫొటోల్లో పోల్చే వైద్యులకూ ఇదే పని వేర్వేరు పేర్లతో ఎదురవుతుంది. సినిమాకు ఒక ప్రత్యేకమైన రంగుల వాతావరణం తేవడం దీని తర్వాతి మెట్టు. మ్యాచింగ్ కుదరకపోతే ఆ మెట్టు ఎక్కడం వృథా. అడుగున షాటు షాటుకీ తేడా ఉన్నప్పుడు పైన ఎంత అందమైన ఛాయ వేసినా ఆ తేడా అలాగే బయటపడుతుంది.

తేడాకు మొదటి కారణం వెలుగు. నూనె దీపం, కొవ్వొత్తి వెలుగు రంగును కొలమానంలో చెబితే 1900 కెల్విన్ దగ్గర ఉంటుంది. స్టూడియోలో వాడే టంగ్‌స్టన్ లైటు 3200, మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 5500, నిర్మలమైన ఆకాశం కింద చెట్టునీడ 7000కు పైన. అంకె పెరిగేకొద్దీ వెలుగు పసుపు నుంచి నీలం వైపు పోతుంది. ఇంత తేడా ఉన్నా, ఇంట్లో బల్బు కింద చదివిన కాగితం వాకిట్లోకి తెచ్చినా మనిషికి తెల్లగానే కనిపిస్తుంది. కంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను గ్రహించే మూడు రకాల కణాలు దేనికది తన సున్నితత్వాన్ని సర్దుకోవడమే దీనికి కారణమని యోహానెస్ ఫాన్ క్రీస్ 1902లో ప్రతిపాదించాడు. డిజిటల్ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ అని పిలిచే సదుపాయమంతా ఆ ఆలోచన మీదే నడుస్తుంది. ఎరుపును ఒక అంకెతో, నీలాన్ని ఇంకో అంకెతో గుణించి, తెల్ల వస్తువును తెల్లగా తేవడమే ఆ పని.

రెండో కారణం సెన్సర్. సెన్సర్ గడులకు రంగు తెలియదు, వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుసు. అందుకే వాటిమీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు పరుస్తారు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంట్ అయిన అమరికలో సగం గడులు ఆకుపచ్చవి, మిగతా సగాన్ని ఎరుపు, నీలం పంచుకుంటాయి. ఆ అమరిక చాలా కెమెరాల్లో ఒకటే అయినా, ఫిల్టర్లకు వాడే రంగుపదార్థం కంపెనీ కంపెనీకీ మారుతుంది. ఏ కెమెరా ఫిల్టర్లూ మనిషి కంటితో అచ్చంగా సరిపోలవు. ఈ సరిపోలకపోవడం ఎక్కడ బాధిస్తుందో చీరకు జాకెట్టు గుడ్డ కొన్న ప్రతివారికీ తెలుసు. మ్యాచింగ్ సెంటర్లో ట్యూబులైటు కింద అతికినట్టు సరిపోయిన గుడ్డ వీధిలోకి తెచ్చేసరికి వేరే రంగుగా తేలుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కొనేముందు చీరా గుడ్డా రెండూ గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తారు. ఆ రెండు అద్దకాలు వెలుగును తిప్పికొట్టే తీరు వేరు, ఒక దీపం కింద మాత్రం కంటికి ఒకేలా తోస్తాయి. కెమెరాకు కూడా ఇదే జరుగుతుంది. ఒక కెమెరాకు ఒకే రంగుగా కనిపించిన రెండు పట్టుదారాలు ఇంకో కెమెరాకు రెండు రంగులుగా కనిపించవచ్చు. అలాంటి చోట ఎంత లెక్క వేసినా రెండు చిత్రాలు పూర్తిగా కలవవు.

మూడో కారణం కెమెరా లోపల జరిగే లెక్క. జేపెగ్ ఫొటో చేతికి వచ్చేసరికే కెమెరా దానికి వైట్ బ్యాలెన్స్ వేసి, కాంట్రాస్ట్ పెంచి, రంగులు చిక్కబరిచి ఉంటుంది. ఆటో సెట్టింగులో ఉంటే ఫ్రేము ఫ్రేముకీ ఈ నిర్ణయం మారుతుంది. పసుపుబట్టల పేరంటాళ్లు ఫ్రేము నిండా ఉన్నప్పుడు వెలుగే పసుపుగా ఉందని కెమెరా పొరబడి, మొత్తాన్ని నీలం వైపు తోస్తుంది. వాళ్లు పక్కకు జరగగానే మళ్లీ వెనక్కి లాగుతుంది. మ్యాచింగ్ పనిలో సగం కష్టం ఈ ఆటో వల్లే వస్తుంది. ఒక సన్నివేశం మొదలైన తర్వాత వైట్ బ్యాలెన్స్‌ను ఒక అంకె దగ్గర బిగించి ఉంచితే ఆ కష్టం అసలు పుట్టదు. అంకె తప్పయినా నష్టం లేదు, ఎందుకంటే అన్ని షాట్లలో ఒకే తప్పు ఉంటే ఒకే దెబ్బకు దిద్దవచ్చు.

ఈ విద్య డిజిటల్ కాలంతో పుట్టింది కాదు, ఫిల్మ్ ల్యాబుల్లో పెరిగింది. షూటింగ్‌లో ఎక్స్‌పోజ్ అయిన నెగెటివ్ నుంచి పాజిటివ్ ప్రింట్ తీసేటప్పుడు ప్రింటింగ్ మెషీన్‌లోని తెల్లటి వెలుగును ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా విడగొట్టి, ఒక్కోదాన్ని 1 నుంచి 50 వరకు మెట్లున్న కొలతతో ఎక్కువా తక్కువా చేసేవారు. గ్రేడర్ ప్రతి షాట్‌నూ చూసి మూడంకెలు రాసేవాడు. ఎక్కడా తేడా లేని షాట్‌కు మూడూ 25 దగ్గర ఉండేవి. ఒక్కో మెట్టు చాలా చిన్నది. ఎక్స్‌పోజర్ సంవర్గమానంలో 0.025, అంటే ఒక స్టాపుకు (వెలుగు రెట్టింపయ్యేందుకు) 12 మెట్లు. నెగెటివ్‌లో రంగులు తిరగబడి ఉంటాయి కనుక తెరమీద ఎరుపు తగ్గాలంటే ఏ దీపం ఎటు జరగాలో గ్రేడర్ మనసులోనే తిప్పి చూసుకోవాలి. ఈ మూడు అంకెలతో మొత్తం ఫ్రేము మారేది. ముఖం ఒకటే దిద్ది ఆకాశాన్ని వదిలేయడం కుదిరేది కాదు. ఆ పరిమితిలోనే పొద్దున తీసిన షాట్‌నూ సాయంత్రం తీసిన షాట్‌నూ ఒకే మధ్యాహ్నంగా నమ్మించిన గ్రేడర్ల పని చాలా గొప్పది. తెర మీద వాళ్ల పేర్లు ఎక్కువసార్లు పడకపోయినా సినిమా చూపు సగం వాళ్ల అంకెల్లోనే ఉంది. తెలుగులో తొలి పూర్తినిడివి రంగుల చిత్రం లవకుశ 1963లో వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు తెలుగు సినిమాల నెగెటివ్‌లను ఎక్కువగా మద్రాసు ల్యాబుల్లోనే కడిగించేవారు. ఫస్ట్ కాపీ అని పరిశ్రమ ఎదురుచూసే ఆ ప్రింట్ బయటికి వచ్చేది ఈ గ్రేడింగ్ ముగిశాకే.

ఈ పని కంప్యూటర్ మీదికి రావడంలో పెద్ద మలుపు కోయెన్ సోదరుల ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ఆ చిత్రాన్ని అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, చెట్లన్నీ పచ్చగా ఉన్న వేసవిలో తీశాడు. కథకు కావలసింది ఎండిపోయి దుమ్ము పట్టిన నేల. ఫిల్మ్‌నంతా స్కాన్ చేసి, ఆకుపచ్చలను మాత్రం ఎంచి ఎండుగడ్డి రంగులోకి మార్చి, మళ్లీ ఫిల్మ్ మీదికి ఎక్కించారు. 2000లో విడుదలైన ఈ చిత్రంతో డిజిటల్ ఇంటర్మీడియట్, పరిశ్రమ మాటల్లో డీఐ, అందరి దృష్టికీ వచ్చింది. మూడు దీపాల స్థానంలో ఎన్ని కావాలంటే అన్ని మీటలు వచ్చాయి. గ్రేడర్ కలరిస్ట్ అయ్యాడు. తెలుగు సినిమాలకు ఇప్పుడు డీఐ హైదరాబాద్ స్టూడియోల్లోనూ జరుగుతోంది.

మీటలు ఎన్ని పెరిగినా పనికి ఆధారమైన సూత్రం ఒకటే. రెండు చిత్రాల్లోనూ ఉన్న, రెండింటి మధ్యా మారని వస్తువును పట్టుకోవాలి. దాని రంగు రెండు చోట్లా ఎంత తేడాగా నమోదైందో కొలవాలి. ఆ కొలతను మొత్తం చిత్రానికి వర్తింపజేయాలి. బూడిదరంగు కార్డు నుంచి ఉపగ్రహం దాకా ఇక్కడ చెప్పుకునే పద్ధతులన్నీ ఈ సూత్రాన్నే ఒక్కో తీరున అమలుచేస్తాయి. దాన్ని వదిలిపెట్టిన పద్ధతులు తేలిగ్గా కనిపించినా అసలైన చోట మోసం చేస్తాయి.

మారని వస్తువును వెతుక్కునే బదులు చేతిలో తీసుకెళ్లడం అన్నిటికంటే భద్రం. వెలుగులో 18 శాతాన్ని తిప్పికొట్టే బూడిదరంగు కార్డు ఫొటోగ్రాఫర్ల సంచిలో ఎప్పటినుంచో ఉంది. 1976లో మెక్‌కామీ, మార్కస్, డేవిడ్‌సన్ రూపొందించిన 24 గడుల రంగుల పలక కలర్‌చెకర్ ఇంకాస్త ముందుకు వెళ్లింది. అట్టడుగు వరసలో తెలుపు నుంచి నలుపు దాకా ఆరు బూడిద మెట్లు ఉంటాయి. పైన మనిషి చర్మం, ఆకాశం, ఆకులు వంటి సహజమైన రంగులకు దగ్గరగా ఉండే గడులు, ముదురు మూలవర్ణాలు ఉంటాయి. వెలుగు మారిన ప్రతిసారీ, ప్రతి కెమెరాతోనూ ఈ పలకను కొన్ని క్షణాలు తీసి ఉంచుకుంటే చాలు. పలకను ముఖం పక్కనే, ముఖం మీద పడే వెలుగే దాని మీదా పడేటట్టు పట్టుకోవాలి. వెనక గోడకు ఆనించి తీస్తే గోడ మీద వెలుగే దొరుకుతుంది.

పలక తీయని చోట ఏం చేస్తారో తెలుసుకోవడానికి పెళ్లి మంచి ఉదాహరణ. తెల్లవారుజాము ముహూర్తం. పీటల ఎదుట స్టాండు మీద ఒక కెమెరా, పక్కన చేతిలో ఇంకో కెమెరా. ఎదుటి కెమెరాకు వీడియోవాళ్ల ఎల్‌ఈడీ ప్యానెళ్ల తెల్లని వెలుగు అందుతోంది. పక్క కెమెరాకు మండపం అలంకరణలోని పసుపు బల్బుల వెలుగు ఎక్కువగా తగులుతోంది. రెండింటిలోనూ తలంబ్రాల ఘట్టం వచ్చింది. ఎడిటింగ్‌లో ఒక దోసిలి ఎదుటి నుంచి, తర్వాతి దోసిలి పక్కనుంచి కనిపించాలి. దోసిలి లేచినప్పుడు పసుపు బియ్యం ఒక రంగు, తలమీద పడేటప్పుడు ఇంకో రంగు అయితే చూసేవారి దృష్టి వధూవరుల మీద నిలవదు.

ముందుగా రెండు చిత్రాల్లో దేన్ని ప్రమాణంగా తీసుకోవాలో తేల్చుకోవాలి. దిద్దడానికి ఎక్కువ చోటున్నదాన్ని కాక, ఇప్పటికే ఎక్కువ సరిగా ఉన్నదాన్నీ, సన్నివేశంలో ఎక్కువసేపు కనిపించేదాన్నీ ప్రమాణం చేస్తారు. ఇక్కడ అది ఎదుటి కెమెరా. తర్వాత మారని వస్తువు. వధూవరులు కట్టుకున్న మధుపర్కాలు తెల్లనివి, సన్నని అంచున్నవి, రెండు కెమెరాల్లోనూ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అయితే తలంబ్రాలు మొదలయ్యాక ఒళ్లో, భుజాల మీద బట్టకు పసుపు అంటుతుంది. కనుక పసుపు తగలని మడత, అదీ రెండు కెమెరాలకూ ఒకే పక్క నుంచి వెలుగు పడుతున్న మడత ఎంచుకోవాలి. కొత్త తెల్లబట్టతో మరో చిక్కుంది. బట్ట మరింత తెల్లగా కనిపించడానికి మిల్లులో కలిపే రసాయనం అతినీలలోహిత కిరణాలను తీసుకుని నీలి వెలుగుగా వదులుతుంది. ఎండ తగిలే చోట ఆ బట్ట నిజంగానే నీలంగా మెరుస్తుంది. అందువల్ల బట్ట ఇచ్చిన సాక్ష్యాన్ని ఇంకో వస్తువుతో, వీలైతే స్టీలు పళ్లెం అంచుతోనో బూడిదరంగు గోడతోనో సరిచూసుకోవడం మంచిది.

ఎంచుకున్న మడతలో ఎదుటి కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు వరసగా 0.60, 0.60, 0.60 అనుకుంటే, పక్క కెమెరావి 0.75, 0.60, 0.40 అని తేలిందనుకోవచ్చు. పక్క కెమెరా ఎరుపును 0.8తో, నీలాన్ని 1.5తో గుణించి, ఆకుపచ్చను అలాగే వదిలేస్తే మడత రెండు చోట్లా ఒకటవుతుంది. అదే గుణకాలు పసుపు బియ్యానికి వేస్తే పక్క కెమెరాలోని 0.70, 0.38, 0.02 కాస్తా 0.56, 0.38, 0.03 అవుతుంది. ఎదుటి కెమెరాలో అదే బియ్యం 0.55, 0.38, 0.04 దగ్గర ఉంటే పని దాదాపు పూర్తయినట్టే. ఇక్కడొక సంగతి గమనించాలి. పసుపులో నీలం దాదాపు లేదు. ఆ కొద్దిపాటి నీలాన్ని ఒకటిన్నర రెట్లు చేసినప్పుడు దానితోపాటు సెన్సర్ నలుసులు (నాయిస్) కూడా ఒకటిన్నర రెట్లవుతాయి. దీపాల వెలుగులో తీసిన వీడియోలను దిద్దినప్పుడు పసుపు, ఎరుపు ప్రాంతాలు గరగరలాడటానికి కారణం ఇదే.

ఈ గుణకారం ఎక్కడ చేస్తున్నామన్నది కూడా ముఖ్యం. ఫొటో ఫైలులోని అంకెలు వెలుగుకు నేరుగా అనుపాతంలో ఉండవు. 18 శాతం బూడిదరంగు, 0 నుంచి 255 దాకా మెట్లున్న మామూలు ఎస్‌ఆర్‌జీబీ ఫైలులో 46 దగ్గర కాక 118 దగ్గర ఉంటుంది, ఎందుకంటే చీకటి ఛాయలకు ఎక్కువ మెట్లు దక్కేలా ఆ కొలతను వంచి ఉంచారు. ఆ వంపును తీసేసి, అసలు వెలుగు విలువల మీద గుణకాలు వేసి, తిరిగి వంచాలి. వంపు మీదనే నేరుగా గుణిస్తే తెలుపు కుదిరినా నడిమి ఛాయలు జారిపోతాయి. రా ఫైళ్లతో పని చేసేవాళ్లకు ఈ బెడద తక్కువ. వైట్ బ్యాలెన్స్ ఇంకా వేయని, వంచని విలువలు వాటిలో అలాగే ఉంటాయి.

చేతితో దిద్దేటప్పుడు కలరిస్టులు పాటించే వరస ఉంది. మొదట వెలుగు, తర్వాత రంగు. నలుపులు, తెలుపులు, నడిమి ఛాయలు రెండు షాట్లలో ఒకే ఎత్తుకు తెచ్చేదాకా రంగు ముట్టుకోరు. కాంట్రాస్ట్ తేడా ఉన్నంతకాలం కంటికి అది రంగు తేడాగానే కనిపిస్తుంది కనుక ముందే రంగు దిద్దితే మళ్లీ వెనక్కి రావాల్సి ఉంటుంది. ఎత్తులు చూసుకోవడానికి ఆర్‌జీబీ పరేడ్ అనే గ్రాఫు ఉంటుంది. చిత్రంలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు నిలువు పట్టీలుగా పక్కపక్కన నిలుస్తాయి. మధుపర్కం ఎక్కడుందో మూడు పట్టీల్లోనూ గుర్తుపట్టవచ్చు. అవి ఒకే ఎత్తులో లేకపోతే తెలుపు తెలుపు కాదు. జుట్టు నలుపు కూడా అలాగే. తెలుపు కుదిరి నలుపులో మాత్రం ఎరుపు మిగిలిందంటే గుణకంతో పోదు, ఆ అడుగు నుంచి కొంత తీసివేయాలి. రంగు కోసం వెక్టర్‌స్కోప్ అనే గుండ్రటి గ్రాఫు ఉంది. మధ్య నుంచి దూరం రంగు చిక్కదనాన్నీ, కోణం రంగు రకాన్నీ చెబుతుంది. ఎరుపు పసుపుల మధ్య ఒక గీత ఉంటుంది. ముదురు చాయైనా లేత చాయైనా మనుషుల చర్మం మంచి వెలుగులో ఆ గీత చుట్టుపక్కలే పడుతుంది, చర్మపు రంగును నిర్ణయించే మెలనిన్, రక్తంలోని హిమోగ్లోబిన్ అందరిలోనూ ఒకటే కావడం వల్ల. రెండు షాట్లలో పెళ్లికూతురి ముఖం ఆ గీత దగ్గర ఒకే చోట పడుతోందంటే కష్టమైన భాగం గడిచినట్టే. ముఖానికి పసుపు రాసి ఉంటే మాత్రం గీత నుంచి కాస్త పసుపు వైపు జరగడమే న్యాయం. గీత కోసం ఆ పసుపును తుడిచేయడం తప్పు.

గ్రాఫులు ఎందుకంటే కన్ను తన మాట మీద తాను నిలబడదు. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కు నల్లదారం సరిగా నల్లగా లేదన్న ఫిర్యాదు వచ్చింది. పరీక్షించి చూస్తే దారంలో లోపం లేదు. పక్కన నేసిన ముదురు నీలం, ఊదా రంగుల వల్ల నలుపు వెలసినట్టు కనిపిస్తోంది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో ఆయన 1839లో పెద్ద గ్రంథంగా ప్రచురించాడు. కలరిస్ట్ గదిలో గోడలకు బూడిదరంగు వేయడం, మానిటర్ వెనక 6500 కెల్విన్ దగ్గరి మసక వెలుగు ఉంచడం ఈ బలహీనతను ఎరిగి చేసే ఏర్పాట్లే. రెండు షాట్లను పోల్చేటప్పుడు ఒకదాని మీద ఇంకోదాన్ని సగం పరిచి, మధ్య గీతను అటూ ఇటూ జరుపుతారు. మధుపర్కం మీద గీత ఉన్నప్పుడు రెండు పక్కలా ఒకే బట్ట కనిపించాలి. ఒకే షాట్‌ను ఎక్కువసేపు తేరిపార చూడటం కూడా మంచిది కాదు. కొన్ని నిమిషాల్లో కన్ను దానికి అలవాటుపడి, ఎంత తేడా రంగునైనా సరైనదిగా ఒప్పేసుకుంటుంది.

కంప్యూటర్‌కు ఈ పని అప్పగించే ప్రయత్నాలు రెండు దారుల్లో సాగాయి. మొదటిది గణాంకాల దారి. ఎరిక్ రైన్‌హార్డ్, ఆయన సహ పరిశోధకులు 2001లో ప్రచురించిన పద్ధతి చాలా పొదుపైనది. చిత్రాన్ని వెలుగు ఒకటి, రంగులు రెండుగా మూడు భాగాలకు విడదీస్తారు. ఒక్కో భాగంలో సగటునూ, విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనాన్నీ లెక్కిస్తారు. దిద్దాల్సిన చిత్రం సగటునూ విచలనాన్నీ ప్రమాణ చిత్రానివిగా మార్చేస్తారు. మొత్తం ఆరు జతల అంకెలతో పని అయిపోతుంది. హిస్టోగ్రామ్ మ్యాచింగ్ ఇంకా గట్టిగా పట్టుబడుతుంది. ప్రతి ఛాయా ఎన్ని పిక్సెళ్లలో ఉందో లెక్కించి, ఆ పంపకం మొత్తాన్నీ ప్రమాణ చిత్రపు పంపకంలా మలుస్తుంది. మూడు రంగులనూ విడివిడిగా కాక కలిపి మలిచే పద్ధతిని ఫ్రాన్స్వా పిటియే, ఆయన సహచరులు 2005లో చూపించారు.

సూర్యాస్తమయం ఫొటోలోని ఛాయను ఇంకో ఊరి ఫొటోకు అద్దడానికి ఇవి అద్భుతంగా పనిచేస్తాయి. ఒకే దృశ్యాన్ని మ్యాచ్ చేయడానికి వాడినప్పుడే చిక్కు. ఎదుటి కెమెరా ఫ్రేములో మండపం నిండా అరటిచెట్లు, మామిడి తోరణాలు ఉన్నాయి. పక్క కెమెరా దగ్గరగా తీసిన ముఖం చూపిస్తోంది. ఎదుటి ఫ్రేములో ఉన్నంత ఆకుపచ్చ పక్క ఫ్రేములోనూ ఉండాలని హిస్టోగ్రామ్ పట్టుబడుతుంది. అక్కడ ఆకులు లేవు కనుక ఆ ఆకుపచ్చ పెళ్లికూతురి చెంపల మీద దిగుతుంది. ఏ వస్తువు ఏదో గణాంకానికి తెలియదు, ఏ రంగు ఎంత ఉందో మాత్రమే తెలుసు. రెండు ఫ్రేములూ దాదాపు ఒకే చట్రంలో తీసినవైతే తప్ప దీన్ని నమ్మకూడదు.

రెండో దారి మారని వస్తువును కంప్యూటర్ చేతే వెతికించడం. డేవిడ్ లోవ్ 1999లో పరిచయం చేసిన సిఫ్ట్ పద్ధతి చిత్రంలోని మూలలు, మచ్చల వంటి విలక్షణమైన చోట్లను గుర్తుపట్టి, ఇంకో చిత్రంలో అవే చోట్లు ఎక్కడున్నాయో పోల్చి చెబుతుంది. దూరం మారినా, కెమెరా కాస్త వాలినా, వెలుగు కొంత మారినా ఆ గుర్తింపు చాలావరకు చెదరదు. ఇలా వందల జతలు దొరికాక వాటిలో తప్పుడు జతలను ఏరివేయాలి. 1981లో ఫిష్లర్, బోల్స్ ప్రతిపాదించిన రాన్‌సాక్ యాదృచ్ఛికంగా కొన్ని జతలను పట్టుకుని ఒక సంబంధం ఊహిస్తుంది, మిగతా జతల్లో ఎన్ని దాన్ని సమర్థిస్తున్నాయో చూస్తుంది, ఎక్కువ మద్దతు వచ్చినదాన్ని నిలుపుకుంటుంది. మిగిలిన జతల నుంచి 3 అడ్డువరసలు, 3 నిలువువరసలు ఉన్న మాత్రికను, అంటే తొమ్మిది అంకెలను, మొత్తం దోషం అతి తక్కువయ్యేలా లెక్కగడతారు. వైట్ బ్యాలెన్స్‌లో ఎరుపు ఎరుపునే మారుస్తుంది. మాత్రికలో కొత్త ఎరుపుకు పాత ఆకుపచ్చ, పాత నీలం నుంచి కూడా కొంత చేరుతుంది. రెండు కెమెరాల ఫిల్టర్లు వేరువేరుగా ఉండటం వల్ల వచ్చే తేడా ఈ కలగలుపుతోనే తగ్గుతుంది. కలర్‌చెకర్ పలక దొరికితే 24 గడులూ 24 నమ్మకమైన జతలు. అప్పుడు వెతుకులాటే అక్కర్లేదు.

2011లో హకోహెన్, షెఖ్ట్‌మన్, గోల్డ్‌మన్, లిషిన్‌స్కీ ఇంకాస్త ముందుకు వెళ్లారు. రెండు ఫొటోల్లో వ్యక్తి కదిలినా, భంగిమ మారినా ఏ ప్రాంతం ఏ ప్రాంతానికి జతో దట్టంగా గుర్తించి, ఆ జతల నుంచే రంగుల మార్పును రాబట్టే పద్ధతి చూపించారు. జత దొరకని ప్రాంతాలకు, దొరికిన ప్రాంతాల నుంచి వచ్చిన మార్పునే విస్తరిస్తారు. ఇది కలరిస్ట్ చేసే ఆలోచనకు చాలా దగ్గర. మధుపర్కాన్నీ చర్మాన్నీ కుదర్చి, మిగతా ఫ్రేమును వాటి వెంట నడిపించడమే కదా ఆయన చేసేది.

ఫొటోలను పక్కపక్కన అతికి చేసే పనోరమాల్లో మ్యాచింగ్ మరో మలుపు తీసుకుంటుంది. అక్కడ ఫొటోలు అంచుల్లో ఒకదానిమీద ఒకటి పడతాయి కనుక ఒకే గోడ, ఒకే ఆకాశం రెండింటిలోనూ ఉంటుంది, జతలకు కొదవ లేదు. బ్రౌన్, లోవ్ 2007లో వివరించిన పద్ధతిలో ఒక్కో ఫొటోకు ఒక వెలుగు గుణకాన్ని, అన్ని అతుకుల దగ్గరా తేడా కనిష్ఠమయ్యేలా, ఒకేసారి లెక్కిస్తారు. జతజతగా దిద్దుకుంటూ పోతే చిన్న దోషాలు పేరుకుని, చుట్టూ తిరిగి మొదటి ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఆకాశం ఒక మెట్టు ముదిరిపోతుంది. లెన్సు అంచుల్లో సహజంగా వచ్చే చీకటిని ముందే తీసేయకపోతే ఈ లెక్క కూడా తప్పుతుంది.

ఇదే సమస్య అన్నిటికంటే పెద్ద ఎత్తున ఎదురయ్యేది ఉపగ్రహ చిత్రాల్లో. హైదరాబాద్‌లోని జాతీయ సుదూర గ్రాహక కేంద్రం, ఎన్‌ఆర్‌ఎస్‌సీ, షాద్‌నగర్ దగ్గరున్న తన కేంద్రంలో ఉపగ్రహాల నుంచి చిత్రాలను అందుకుంటుంది. ఒక జిల్లా పటానికి కావలసిన చిత్రాలన్నీ ఒకే రోజున మబ్బుల్లేకుండా దొరకవు. రెండు వారాలో, రెండు నెలలో తేడా ఉన్న చిత్రాలను అతకాలి. ఈలోగా సూర్యుడి ఎత్తు మారుతుంది, గాలిలో తేమా పొగా మారతాయి, అతుకు దగ్గర నిలువు గీత తేలుతుంది. సూర్యుడి కోణం వల్ల వచ్చే తేడాను త్రికోణమితితో నేరుగా సరిచేయవచ్చు. గాలి వల్ల వచ్చేదానికి మళ్లీ మారని వస్తువే దిక్కు. విమానాశ్రయం రన్‌వేలు, పెద్ద కాంక్రీటు కప్పులు, రాతిగుట్టలు, లోతైన తేటనీరు వంటివాటి రంగు ఋతువుతో పెద్దగా మారదు. వాటి విలువలను రెండు తేదీల్లోనూ తీసుకుని, వాటికి సరళరేఖను సరిపెట్టి, ఆ రేఖ ప్రకారం ఒక చిత్రాన్ని ఇంకోదాని కొలతలోకి తెస్తారు. ఈ పద్ధతిని అమెరికాలో జాన్ షాట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించారు.

ఇక్కడ హిస్టోగ్రామ్ మ్యాచింగ్ చేసే హాని పెళ్లి ఫొటోలో కంటే పెద్దది. గోదావరి డెల్టాలో నాట్లు పడిన పొలం, పచ్చబడిన పొలం, కోతకు వచ్చి బంగారు రంగు తిరిగిన పొలం మూడు వేర్వేరు రంగులు. రెండు తేదీల చిత్రాల్లో రంగుల పంపకం ఒకేలా ఉండాలని పట్టుబడితే, పండిన పొలం మళ్లీ పచ్చబడుతుంది. పటం చూడముచ్చటగా ఉంటుంది, పంట ఎంతవరకు వచ్చిందన్న సమాచారం మాత్రం మాయమవుతుంది. వెలుగు వల్ల వచ్చిన మార్పును తీసేసి, వస్తువులోనే వచ్చిన మార్పును నిలపడమే మ్యాచింగ్ విలువ. గాయాల ఫొటోల్లోనూ ఇంతే. పుండు చుట్టూ ఎరుపు తగ్గిందా లేదా అన్నదే వైద్యుడికి కావాలి. అందుకే పక్కన రంగుల చీటీ పెట్టి, ఆ చీటీని మాత్రమే మ్యాచ్ చేస్తారు, చర్మాన్ని కాదు.

ఏ పద్ధతితోనూ కుదరనివి కొన్ని ఉంటాయి. ఎక్స్‌పోజర్ ఎక్కువై తెల్లగా పేలిపోయిన చోట, మూడు రంగులూ గరిష్ఠానికి చేరి ఆగిపోయాయి కనుక, అసలు రంగు ఏదో చెప్పే సమాచారమే మిగలదు. నలుపులోకి కూరుకుపోయిన నీడలదీ అదే సంగతి. కుంకుమ ఎరుపు, రంగుల ఎల్‌ఈడీల ఊదా వెలుగు చాలాసార్లు ఒకే రంగులో గరిష్ఠాన్ని తాకుతాయి. బయటికి చిక్కటి రంగులా కనిపిస్తాయి, దిద్దబోతే కదలవు. ఎనిమిది బిట్ల ఫైలును ఎక్కువగా లాగితే నున్నటి గోడ మీద మెట్లు మెట్లుగా పట్టీలు తేలతాయి. అప్పుడు తక్కువ సమాచారం ఉన్న చిత్రాన్నే ప్రమాణంగా తీసుకుని, ఎక్కువ సమాచారం ఉన్నదాన్ని దాని దగ్గరికి దించడం అనుభవజ్ఞుల పద్ధతి. మంచి కెమెరా చిత్రాన్ని దించాల్సి రావడం కష్టంగానే ఉంటుంది, కానీ సన్నివేశం విరగకుండా ఉండటానికి మరో మార్గం లేదు. నీడలు పడే దిక్కు వేరైతే రంగులు ఎంత కలిసినా వేళ కలవదు. దానికి ఎడిటింగే మందు.

కుదిరిన మ్యాచింగ్‌ను అంకెల్లో భద్రం చేయడం చివరి పని. అమెరికన్ ఛాయాగ్రాహకుల సంఘం ఏఎస్‌సీ రూపొందించిన సీడీఎల్ అనే ఏర్పాటులో ఒక్కో షాట్‌కు పది అంకెలు ఉంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి గుణకం, కూడిక, ఘాతం, మొత్తానికి కలిపి రంగు చిక్కదనం ఒకటి. గుణకం తెలుపులను, కూడిక నలుపులను, ఘాతం నడిమి ఛాయలను ప్రధానంగా కదుపుతాయి. షూటింగ్ చోట ల్యాప్‌టాప్ మీద చేసిన దిద్దుబాటు ఈ పది అంకెలుగా డీఐ స్టూడియోకు, అక్కడినుంచి గ్రాఫిక్స్ చేసే సంస్థకు వెళుతుంది. అందరూ ఒకే షాట్‌ను ఒకే రంగులో చూడాలంటే మానిటర్లన్నీ ఒకే ప్రమాణానికి, మామూలు టీవీ ప్రసారానికైతే 709 ప్రమాణానికీ 6500 కెల్విన్ తెలుపుకూ సరిచేసి ఉండాలి. సరిచేయని మానిటర్ మీద చేసిన మ్యాచింగ్ కూడా షాటుకూ షాటుకూ మధ్య కొంతవరకు నిలుస్తుంది, ఎందుకంటే రెండింటినీ ఒకే తప్పు అద్దంలో చూసి దిద్దారు. మొత్తం సన్నివేశం మాత్రం ఇంకో తెర మీద పచ్చగానో ఎర్రగానో తేలుతుంది. అందుకే స్టూడియోల్లో ప్రోబ్‌తో మానిటర్‌ను తరచూ కొలిచి, ఆ కొలత నిలిచిందో లేదో చూసుకున్నాకే తర్వాతి రీలు మొదలుపెడతారు.